కాలింగ్ బెల్లు మోగగానే మీ కుక్క ఏం నేర్చుకుంటోంది? ఇంట్లోనే శిక్షణకు సమగ్ర మార్గదర్శి

కాలింగ్ బెల్లు మోగుతుంది. లాబ్రడార్ ఒక్క ఉదుటున తలుపు దగ్గరికి పరిగెత్తి మొరుగుతుంది. సరుకులు తెచ్చిన అబ్బాయి సంచీ గుమ్మంలో పెట్టేసి వెళ్లిపోతాడు. ఆదివారం చుట్టాలొస్తారు. కుక్క వాళ్ల మీదికి ఎగురుతుంది. బాబాయి "ఏరా టామీ!" అంటూ తల నిమురుతాడు. పిన్ని చీర పట్టుకుని కేక వేస్తుంది. మీరు "నో, నో, డౌన్!" అని అరుస్తూ బెల్టు పట్టుకుని వెనక్కి లాగుతారు. ఇందులో ఎక్కడా ఎవరూ శిక్షణ ఇవ్వాలనుకోలేదు. కుక్క మాత్రం రెండు పాఠాలు నేర్చేసుకుంది: మొరిగితే కొత్తవాడు వెళ్లిపోతాడు, ఎగిరితే ఇంటిల్లిపాదీ తననే చూస్తారు, ముట్టుకుంటారు, మాట్లాడతారు.

ఈ వ్యాసం చాలావరకు ఒక్క సూత్రం మీదే నడుస్తుంది. ఏ పని చేశాక కావలసింది దొరుకుతుందో ఆ పనే కుక్క మళ్లీ చేస్తుంది. ఎన్నిసార్లు చేసినా ఏమీ దొరకని పనిని నెమ్మదిగా మానేస్తుంది. దొరికింది మనం ప్రేమతో ఇచ్చిందా, చిరాకులో ఇచ్చిందా, వీధిలో దానంతటదే దొరికిందా అన్న తేడా దానికి లేదు.

ఇది కొత్త సంగతేం కాదు. 1898లోనే అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ఆకలిగా ఉన్న పిల్లుల్ని చెక్కపెట్టెల్లో ఉంచి గమనించాడు. లోపల గోకుతూ, కొరుకుతూ ఉండగా ఎప్పుడో ఒకసారి తాడో మీటో తగిలి తలుపు తెరుచుకునేది, బయట తిండి ఉండేది. అదే పెట్టెలో మళ్లీ మళ్లీ ఉంచితే పనికిరాని గోకుళ్లు తగ్గిపోయి పిల్లి నేరుగా మీట దగ్గరికే వెళ్లడం మొదలుపెట్టింది. తర్వాతి తరంలో బి.ఎఫ్. స్కిన్నర్ ఇదే విషయాన్ని లోతుగా పరిశోధించి, ఫలితం ఎప్పుడు, ఎంత తరచుగా అందితే ప్రవర్తన ఎలా మారుతుందో విడమరిచాడు. రష్యాలో ఇవాన్ పావ్లోవ్ గమనించింది మరో రకం నేర్పు. అందులో కుక్క ఏ పనీ చేయనక్కర్లేదు. తిండికి ముందు వచ్చే శబ్దం వినపడితే చాలు, నోరూరుతుంది. మీరు లీష్ (నడకకు తీసుకెళ్లే తాడు) చేతిలోకి తీసుకోగానే మీ కుక్క చిందులేసేది ఆ నేర్పు వల్లే. మొదటిది పనులకు సంబంధించింది, రెండోది భావాలకు సంబంధించింది. ఎక్కడ ఏది వాడాలో తెలుసుకుంటే శిక్షణలో సగం తిప్పలు తప్పుతాయి.

మొదటి మెట్టు: వారం రోజులు రాసుకోండి

నోటుబుక్కులో మూడు గళ్లు గీయండి. ముందు ఏం జరిగింది, కుక్క ఏం చేసింది, ఆ వెంటనే దానికి ఏం దొరికింది. ఉదాహరణకు: "రాత్రి భోజనాలకు కూర్చున్నాం. టేబుల్ పక్కన చేరి కుయ్ కుయ్ మంది. నాయనమ్మ చపాతీ ముక్క వేసింది." ఇంకొకటి: "తెల్లవారుజామున ఐదు. మంచం గోకింది. నాన్న లేచి కిందికి తీసుకెళ్లాడు."

రెండో గడిలో "మొండికేసింది", "పొగరు చూపించింది" లాంటి మాటలు రాయకండి. కెమెరాకు ఏం కనిపిస్తుందో అదే రాయండి. మూడో గడి దగ్గర మాత్రం తీరిగ్గా ఆలోచించండి, అసలు గుట్టంతా అక్కడే ఉంటుంది. చూపు, మాట, తోపులాట కూడా కుక్కకు దొరికినట్టే. రోజంతా ఇంట్లో ఒంటరిగా ఉన్న కుక్కకు మీ తిట్టు కూడా పలకరింపే.

"అది మనమీద పెత్తనం చేయాలని చూస్తోంది, బాస్ ఎవరో చూపించాలి" అని సలహా ఇచ్చేవాళ్లు ఎదురవుతారు. ఆ ఆలోచనకు మూలం తోడేళ్ల మీద జరిగిన పాత పరిశీలనలు. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బోనులో పెట్టిన, ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్లను చూసి వాటి పోట్లాటల గురించి రాశాడు. అడవిలో తోడేళ్ల గుంపంటే చాలావరకు తల్లీతండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని 1999లో డేవిడ్ మెక్ వివరించాడు. ఒకప్పుడు "ఆల్ఫా" (గుంపుకు బాస్) అన్న మాటను ప్రచారంలోకి తెచ్చినవారిలో ఆయనా ఒకరు. మీ కుక్క సోఫా ఎక్కేది సోఫా మెత్తగా ఉంటుంది కాబట్టి.

రెండో మెట్టు: దొంగ సంపాదనకు గండి కొట్టండి

కొత్త అలవాటు నేర్పేలోగా పాత అలవాటుకు జీతం అందుతూనే ఉంటే మీరు వెనకబడిపోతారు. చెప్పులు బీరువాలో పెట్టండి. చెత్తబుట్టకు మూత ఉండాలి. చుట్టాలొచ్చే ముందే కుక్కను లోపలి గదిలో ఉంచండి, లేదా ఇంట్లోనే లీష్ కట్టి ఉంచండి. బాల్కనీ గ్రిల్ లోంచి వీధి కుక్కల్ని చూసి రోజంతా మొరుగుతుంటే కింది సగానికి ఏదైనా అడ్డం కట్టండి. ఇదంతా శిక్షణ కాదు, శిక్షణకు ఊపిరి పీల్చుకునే చోటివ్వడం. అయినా చాలా ఇళ్లలో సగం సమస్యలు ఇక్కడే తీరిపోతాయి.

మూడో మెట్టు: జీతం సిద్ధం చేసుకోండి

ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్, పనీర్, ఉడికించిన గుడ్డు, కీరదోస, క్యారెట్. ముక్క శనగగింజంత చాలు. కుక్క లెక్కపెట్టేది ముక్కల్ని, బరువును కాదు. రోజు మొత్తం తిండిలో ఇలాంటివి పదో వంతు దాటకుండా చూసుకోండి. మామూలు భోజనంలోంచే గుప్పెడు తీసి శిక్షణకు వాడితే ఇంకా మంచిది. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి, జైలిటాల్ కలిపిన షుగర్‌ఫ్రీ తినుబండారాలు కుక్కలకు ప్రమాదం. ఇంట్లో పిల్లలకు కూడా ఈ మాట చెప్పి ఉంచండి.

పని ఎంత కష్టమో జీతం అంత మంచిదవ్వాలి. హాల్లో కూర్చున్నందుకు క్యారెట్ సరిపోతుంది. వీధిలో పిల్లిని వదిలేసి మీ దగ్గరికి వచ్చినందుకు చికెన్ కంటే తక్కువ ఇవ్వకండి.

నాలుగో మెట్టు: "ఇదే!" అని చెప్పే ఒక మాట

ఫలితం ఆలస్యమైతే కుక్క దాన్ని వేరే పనికి ముడిపెట్టుకుంటుంది. కూర్చుంది, మీరు జేబులో వెతుక్కున్నారు, ఈలోపు లేచింది, అప్పుడు ముక్క ఇచ్చారు. మీరు జీతమిచ్చింది లేచినందుకు. సరైన పని జరిగిన క్షణాన్ని ఫొటో తీసినట్టు పట్టుకోవడానికి ఒక గుర్తు కావాలి. 1940లలో స్కిన్నర్ దగ్గర పనిచేసిన కెల్లర్, మరియన్ బ్రెలాండ్ దంపతులు జంతువుల శిక్షణలో ఇలాంటి శబ్దాన్ని వాడారు. ఇప్పటి క్లిక్కర్‌కు, అంటే నొక్కితే టిక్కుమనే చిన్న పరికరానికి, మూలం అదే. క్లిక్కర్ లేకపోయినా ఫర్వాలేదు. "యెస్" అని పొట్టిగా, ఎప్పుడూ ఒకే స్వరంతో అంటే చాలు. ఆ మాట మామూలు సంభాషణలో కుక్కను చూసి వాడకూడదు.

ముందు ఆ మాటకు విలువ రావాలి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో "యెస్" అనండి, తర్వాత ముక్క ఇవ్వండి. ఒక పది పదిహేనుసార్లు. ఇక్కడ చాలామంది గమనించని చిన్న విషయం ఒకటుంది, మీ చేతిని అద్దంలో చూసుకోండి. "యెస్" అనకముందే చెయ్యి ముక్కలున్న సంచీ వైపు కదులుతుంటే కుక్క మీ మాటను వదిలేసి చేతిని చదువుతుంది. మాట ముందు, చెయ్యి తర్వాత. మధ్యలో కనురెప్పపాటు ఖాళీ ఉండాలి. మాట వినగానే కుక్క తల చటుక్కున మీ వైపు తిరిగితే ఆ గుర్తు పని చేస్తున్నట్టే.

ఇంట్లో అందరూ కూర్చుని మాటలు ఖాయం చేసుకోవలసింది కూడా ఇప్పుడే. అమ్మ "కూర్చో" అని, అబ్బాయి "సిట్" అని, తాతగారు "ఏయ్, కూచోరా" అని అంటుంటే కుక్కకు అవి మూడు వేర్వేరు చప్పుళ్లు. ఒకటే ఎంచుకుని ఫ్రిజ్ మీద రాసి అంటించండి.

ఐదో మెట్టు: బెల్లు మోగితే బొంత మీదికి

"ఎగరకు", "మొరగకు" అన్నవి కుక్క చేయగలిగే పనులు కావు. ఏం చేయాలో చెప్పాలి. అందుకే ఎగరడంతో పాటు చేయలేని పనిని నేర్పుతాం: గుమ్మానికి ఆరేడు అడుగుల దూరంలో పరిచిన పాత బొంత మీద పడుకోవడం. ఈ ఒక్క పాఠం బాగా కుదిరితే ఇంటి వాతావరణమే మారిపోతుంది కాబట్టి దీనిమీద ఎక్కువ సమయం పెట్టండి.

బొంత పరిచి ఏమీ అనకుండా నిలబడండి. కుక్క వాసన చూస్తూ ఒక కాలు పెడుతుంది. "యెస్", ముక్క బొంత మీదే వేయండి. తర్వాతి ముక్కను బొంత బయటికి విసరండి, అది వెళ్లి తిని మళ్లీ తిరిగి వచ్చే అవకాశం దొరుకుతుంది. కొంతసేపటికి రెండు కాళ్లు పెడితేనే "యెస్". ఆ తర్వాత నాలుగూ. ఆ తర్వాత కూర్చుంటేనే, చివరికి పడుకుంటేనే. ఇలా గమ్యం వైపు వేసిన ప్రతి చిన్న అడుగుకూ జీతమిస్తూ పోవడాన్ని షేపింగ్ అంటారు. ఒక్కో విడత మూడు, నాలుగు నిమిషాలు మించనివ్వకండి. కుక్క ఇంకా ఉత్సాహంగా ఉన్నప్పుడే ఆపండి.

కుక్క తప్పకుండా వెళ్తోందని నమ్మకం కుదిరాకే మాట జోడించాలి. అది బయలుదేరే ముందు "బొంత" అనండి. తెలియని పనికి పేరు పెట్టి పదిసార్లు అరిస్తే ఆ పేరు కుక్కకు ఖాళీ చప్పుడుగా మిగిలిపోతుంది. లేచి వెళ్లడానికి కూడా "ఇక వెళ్లు" అని మీరే చెప్పాలి.

పడుకుని ఉండే సమయాన్ని పెంచేటప్పుడు ఎప్పుడూ పైకే పోకండి. రెండు సెకన్లు, ఐదు, మూడు, ఎనిమిది, రెండు, ఇలా. ప్రతిసారీ కష్టమే పెరిగితే కుక్క ఆటలోంచి తప్పుకుంటుంది. సమయం, దూరం, చుట్టూ సందడి: ఈ మూడింట్లో ఒకటి పెంచుతున్నప్పుడు మిగతా రెండూ తగ్గించండి.

ముందుకు వెళ్లాలా వద్దా అన్నది మీ మూడ్ తేల్చకూడదు. ఐదుసార్లు చేయించండి. ఐదుకు ఐదూ కుదిరితే ఒక మెట్టు పైకి. మూడు, నాలుగు కుదిరితే అక్కడే ఉండండి. రెండు, అంతకన్నా తక్కువైతే ఒక మెట్టు దిగండి. కుక్క తప్పు చేసిందంటే మెట్టు పెద్దదైందని అర్థం.

ఇప్పుడు బెల్లు. మీ ఇంటి కాలింగ్ బెల్లు చప్పుడును ఫోన్‌లో రికార్డు చేయండి. దాదాపు వినపడనంత తక్కువ స్వరంలో మోగించి, వెంటనే బొంత మీద చికెన్ ముక్క వేయండి. కొన్ని విడతల తర్వాత చప్పుడు వినగానే కుక్క తలుపును కాకుండా బొంతను చూస్తుంది. ఆ చూపు కోసమే ఇంత ఓపిక పట్టేది. ఆపైన స్వరం పెంచండి. తర్వాత ఇంట్లోవాళ్లెవరైనా బయటికెళ్లి అసలు బెల్లు నొక్కాలి, తలుపు తీయకూడదు. తర్వాత తలుపు తీసి మూయాలి. తర్వాత ఇంటివాళ్లు లోపలికి రావాలి. పక్క ఫ్లాట్ ఆంటీ ఒప్పుకుంటే ఆవిడ. బాబాయి చిట్టచివర.

బాబాయికి మాత్రం గుమ్మం బయటే చెప్పండి: "నాలుగు కాళ్లూ నేలమీద ఉన్నప్పుడే ముట్టుకో బాబాయ్. ఎగిరితే అటు తిరిగిపో." ఇంటికొచ్చే పదిమందిలో ఒక్కరు ఎగిరే కుక్కను ముద్దుచేసినా ఎగరడం బతికే ఉంటుంది. అప్పుడప్పుడూ మాత్రమే ఫలించే పనిని మాన్పించడం ఎప్పుడూ ఫలించే పనిని మాన్పించడం కన్నా కష్టం. స్కిన్నర్ ప్రయోగాల్లో పదేపదే బయటపడిన సంగతి ఇది.

దీన్నే మీకు అనుకూలంగా కూడా వాడుకోవచ్చు. బొంత పాఠం గట్టిపడ్డాక ప్రతిసారీ ముక్క ఇవ్వకండి. కొన్నిసార్లు చికెన్, కొన్నిసార్లు తల నిమరడం, కొన్నిసార్లు బంతి. తొందరపడి మొదటి వారంలోనే కోత పెడితే మాత్రం కట్టిందంతా కూలిపోతుంది.

జీతం ఆపినప్పుడు వచ్చే తుఫాను

భోజనాల దగ్గర కుయ్ కుయ్ మనే కుక్కకు ముక్కలు వేయడం ఆపేశారనుకోండి. మర్నాడే తగ్గుతుందనుకోకండి. ముందు పెరుగుతుంది. కుయ్ కుయ్ మొరుగుడవుతుంది, మొరుగుడు పంజాతో గోకడమవుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన పని చేయకపోతే మరింత గట్టిగా ప్రయత్నించడం ఏ ప్రాణికైనా సహజం. సరిగ్గా ఈ దశలోనే నాయనమ్మ మనసు కరిగి పెరుగన్నం ముద్ద పెడుతుంది. దాంతో గోలను ఏ స్థాయికి పెంచితే తిండి వస్తుందో కుక్కకు తెలిసిపోతుంది.

నాయనమ్మను నిందించి లాభం లేదు, ఆవిడకో పని అప్పగించండి. కుక్కకు పెట్టాలనిపించిన ముద్దను పక్క గిన్నెలో వేయమనండి. భోజనాలయ్యాక, కుక్క బొంత మీద పడుకుని ఉన్నప్పుడు, ఆవిడ చేత్తోనే పెట్టమనండి. పెట్టాలన్న ఆవిడ కోరిక తీరుతుంది, కుక్కకు అందే పాఠం మారుతుంది.

నడకలో లాగుడు

కుక్క లీష్ లాగేది లాగితే ముందున్న చెట్టు దగ్గరికి చేరుకుంటుంది కాబట్టి. కాబట్టి లీష్ బిగిసిన క్షణం మీరు ఆగిపోండి, వదులైన క్షణం కదలండి. మీ పక్కన నడిచిన ప్రతి నాలుగడుగులకూ మీ తొడ దగ్గర ముక్క ఇవ్వండి. మొదటి రోజుల్లో గేటు దాటడానికే పావుగంట పడుతుంది. ఆఫీసుకు ఆలస్యమయ్యే పొద్దున ఈ పాఠం పెట్టుకోకండి. ఆ పూట హార్నెస్ (మెడకు బదులు ఛాతీ చుట్టూ వేసే పట్టీ) వేసి మామూలుగా తిప్పండి. హార్నెస్ అంటే మామూలు నడక, మెడ బెల్టు అంటే పాఠం అన్న తేడా కుక్కకు త్వరగానే తెలిసిపోతుంది.

చెట్టు వాసన చూడడమే కుక్కకు చికెన్ కన్నా ఇష్టమైతే దాన్నే జీతం చేయండి. పది అడుగులు వదులుగా నడిస్తే "వెళ్లు, చూసుకో". ఇష్టమైన పనిని అంత ఇష్టం లేని పనికి బహుమతిగా వాడవచ్చని 1959లో డేవిడ్ ప్రీమాక్ చూపించాడు. బీగల్ లాంటి జాతులకు ఇది తప్పనిసరి. వాసన పట్టడానికే తరతరాలుగా పెంచిన కుక్కను వాసన చూడకుండా నడవమనడం అన్యాయం. బ్రెలాండ్ దంపతులు 1961లో రాసింది కూడా ఇదే: నాణేలు డబ్బాలో వేయడం నేర్పిన రకూన్లు (అమెరికాలో ఉండే ఒక అడవి జంతువు) కొంతకాలానికి నాణేలను వేయడం మానేసి, తిండిని కడిగినట్టు చేతుల్లో రుద్దడం మొదలుపెట్టాయి. పుట్టుకతో వచ్చిన స్వభావంతో పోట్లాడకుండా దానికో చోటు కల్పించాలి.

మన ఎండాకాలంలో నడక పొద్దున్నే, లేదా బాగా చీకటి పడ్డాకే. రోడ్డు మీద మీ అరచేతి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలూ ఆగలేవు.

పిలిస్తే రావడం

"రా" అని పిలిచి స్నానానికి లాక్కెళ్లడం, పార్కులో ఆట మధ్యలో పిలిచి ఇంటికి తీసుకుపోవడం, ఆలస్యంగా వచ్చినందుకు కొట్టడం. ఈ మూడూ ఆ మాటను చంపేస్తాయి. స్నానం చేయించాలంటే మీరే వెళ్లి పట్టుకోండి. పార్కులో పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు ముక్క పెట్టి మళ్లీ ఆటకు వదలండి. పాత మాట ఇప్పటికే పాడైపోయి ఉంటే దాన్ని వదిలేసి, కొత్త మాటతో హాల్లోంచి మళ్లీ మొదలుపెట్టండి.

ఇంట్లో తడిపినప్పుడు

కుక్కపిల్ల నిద్ర లేచాక, తిన్నాక, ఆడాక బయటికి తీసుకెళ్లండి. పని కాగానే అక్కడికక్కడే ముక్క ఇవ్వండి, ఇంటికొచ్చాక కాదు. లోపల తడిపితే ఎంజైమ్ క్లీనర్‌తో (మూత్రం వాసనను పోగొట్టే ద్రవంతో) తుడవండి. వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వస్తుంది.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, ఎప్పుడో మధ్యాహ్నం తడిపిన చోట దాని ముక్కు రుద్దితే కుక్కకు అర్థమయ్యేది ఒక్కటే: మీరు ఇంటికి రావడం భయపడాల్సిన విషయం. "తప్పు చేసినట్టు మొహం పెట్టిందండీ" అంటారు. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ చేసిన పరిశీలనలో ఆ మొహం కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు, యజమాని తిట్టడాన్ని బట్టి వచ్చింది. తప్పేమీ చేయని కుక్కలు కూడా తిట్టు పడగానే అలాగే చెవులు వాల్చాయి.

భయం: దీపావళికి ముందే మొదలుపెట్టాల్సిన పని

ఇక్కడ పావ్లోవ్ దారిలో నడవాలి. టపాసు చప్పుడుకు వణికే కుక్కకు "కూర్చో" అని చెప్పి ప్రయోజనం లేదు. మార్చాల్సింది పనిని కాదు, ఆ చప్పుడు వినగానే కలిగే భావాన్ని.

దీపావళికి రెండు మూడు నెలల ముందే టపాసుల రికార్డింగు తీసుకోండి. కుక్క చెవి కదిలించి ఊరుకునేంత తక్కువ స్వరంలో పెట్టండి. చప్పుడు, ఒక సెకను ఆగి చికెన్. చప్పుడు ఆగితే చికెనూ ఆగాలి. వరస తారుమారైతే ప్రమాదం. చికెన్ ముందు, చప్పుడు తర్వాత వస్తే చికెన్ చూసినా భయపడడం నేర్చుకుంటుంది. కుక్క తినడం మానేసినా, ఆవలిస్తూ పెదాలు నాక్కుంటున్నా, తోక ముడిచినా స్వరం ఎక్కువైనట్టే. వెంటనే తగ్గించండి.

భయపడుతున్న కుక్కను దగ్గరికి తీసుకుంటే భయం అలవాటవుతుందన్న మాట నమ్మకండి. భయం అది కావాలని చేసే పని కాదు, బుజ్జగింపు జీతంగా పనిచేయడానికి. ఒళ్లో చేరితే చేరనివ్వండి. పండగ రాత్రి లోపలి గది కిటికీలు మూసి, ఫ్యానూ టీవీ పెట్టండి. చీకటి పడకముందే బయట తిప్పి తీసుకురండి. బెల్టుకు మీ ఫోన్ నంబరు ఉన్న బిళ్ల తప్పనిసరి, భయంతో పారిపోయే కుక్కలు ఆ రోజుల్లోనే ఎక్కువ. మరీ విపరీతంగా బెదిరే కుక్కకు మందులు ఉన్నాయి. పండగకు కొన్ని వారాల ముందే వెటర్నరీ డాక్టరును కలవండి, మనుషుల మందులు మాత్రం వేయకండి.

గుర్రుమంటే

గుర్రుమనడం హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే కుక్క లోపలి ఇబ్బంది అలాగే ఉంటుంది, హెచ్చరిక మాత్రం పోతుంది. ఆ తర్వాత చెప్పకుండా కరిచే కుక్క మిగులుతుంది. గుర్రుమన్న చోట వెనక్కి తగ్గి, ముందు ఏం జరిగిందో నోటుబుక్కులో రాయండి. నిన్నటిదాకా మామూలుగా ఉన్న కుక్క హఠాత్తుగా మారితే శిక్షణ మొదలుపెట్టకముందే డాక్టరుకు చూపించండి. చెవినొప్పి, పంటినొప్పి, కీళ్లనొప్పి కూడా కుక్కను కస్సుమనిపిస్తాయి. గిన్నె దగ్గర, పిల్లల దగ్గర పళ్లు చూపించే కుక్కకు ఇంట్లో సొంత ప్రయోగాలు వద్దు. కొట్టకుండా, షాక్ బెల్టులు వాడకుండా నేర్పే శిక్షకుణ్ని డాక్టరునే అడిగి వెతుక్కోండి. ఈలోపు పిల్లల్నీ కుక్కనూ ఒకే గదిలో పెద్దవాళ్లు లేకుండా వదలకండి. ఎవరినైనా పన్ను తగిలేలా కరిస్తే, టీకా వేయించిన ఇంటి కుక్కే అయినా, గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.